తిమోతి మార్చని నంబరు

మా తిమోతికి కొత్తదంటే ఉన్న మోజు మెట్‌పల్లిలో ఇంకెవరికీ ఉండదు. క్రిస్మస్ దగ్గరపడితే ఇంటికి సున్నం, పిల్లలకు బట్టలు, బండికి సీటు కవరు, ఆఖరికి పెరట్లో కోళ్ల గూడుకు తలుపు కూడా కొత్తది కావాలి. ఇంతవరకు నాకు అభ్యంతరం లేదు. పండుగ అతనిది, కోళ్లు అతనివి. కానీ తాను రాసిన సాఫ్ట్‌వేర్‌కు కూడా ఏటా పండుగకు ఒక కొత్త నంబరు తొడిగేవాడు. ఆ ముచ్చటకు బలయ్యేది మాత్రం నేను.

నా పేరు సాగర్. ఫ్లెక్సీలు, పెండ్లి కార్డులు వేసే చిన్న షాపు నాది. తిమోతీ నేనూ ఇంటర్ నుంచి ఒకే బెంచీ, ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నదీ కలిసే. ఇప్పుడతను ఒక విత్తనాల కంపెనీ ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటాడు. మనిషి మంచివాడు. ఎవరినీ కాదనలేక ఒకే రోజు మూడు పెండ్లిళ్లలో కడుపునిండా తిని, ఆ వారమంతా మజ్జిగ మీద బతికినవాడు. అంత మంచివాడితో స్నేహం చేయడం కష్టమే.

ఈ సాఫ్ట్‌వేర్ గొడవ మొదలైంది అతని తల్లి రిబ్కమ్మ వల్ల. మా ఊరి మెథడిస్టు చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. వయసు మీద పడ్డా గొంతు తగ్గలేదు గానీ, షుగర్ వచ్చి చూపు మందగించింది. పాటల పుస్తకంలో అక్షరాలు ఆమెకు చీమల బారులా కనిపించసాగాయి. పాటలన్నీ కంఠస్థమే కాబట్టి పాడటానికి ఇబ్బంది లేదు. కానీ ఎదురుగా అక్షరం లేకుండా పాడుతుంటే గుడ్డిగా నడుస్తున్నట్టుందని ఒకసారి కొడుకుతో అన్నది. అంతే, తిమోతి పుస్తకం మొత్తాన్ని తన చేత్తో టైపు చేశాడు. చర్చికి ఒక పాత కంప్యూటరు, ఒక ప్రొజెక్టరు సంపాదించాడు. గోడ మీద తెర వేలాడదీసి అరచేయంత అక్షరాల్లో పాట చూపించాలన్నాడు.

పని ఇద్దరం పంచుకున్నాం. నంబరు చెబితే పాటను వెతికి, పల్లవినీ చరణాలనూ విడగొట్టి ఇచ్చేది అతని వంతు. ఇచ్చినదాన్ని తెర మీద పెద్దగా చూపించే ప్రోగ్రాం నా వంతు. అతని భాగాన్ని లైబ్రరీ అంటారు. అంటే పుస్తకాల గది కాదు. ఒకచోట ఉండి, అడిగిన ప్రోగ్రాములన్నింటికీ పని చేసిపెట్టే సామాను. ఒకసారి కట్టి, అంటే కంప్యూటరు నడపగల రూపంలోకి మార్చి, లినక్సు కంప్యూటర్లో పెడితే చాలు, ఎన్ని ప్రోగ్రాములైనా దాన్నే వాడుకోవచ్చు. నేను నా ప్రోగ్రాంలో భజన పాటలు నింపి మా భజన మండళ్లకు కూడా ఇచ్చాను. లైబ్రరీకి దాని ఫికర్ లేదు. నంబరు చెబితే పాట ఇస్తుంది, ఏ దేవుడి పాటని అడగదు.

తిమోతి దానికి తన భార్య స్తుతి పేరు పెట్టుకున్నాడు. లైబ్రరీకి గుర్తుగా ముందు లిబ్ చేర్చి, లిబ్‌స్తుతి. దానివల్ల స్తుతికి ఒరిగిందేమీ లేదు. "మీ స్తుతి మళ్ల ఆగిపోయింది" అని చర్చి నుంచి ఫోన్లు వచ్చినప్పుడల్లా మొదట ఉలిక్కిపడేది ఆమే.

ఎందుకు ఆగిపోయేదో చెప్తాను. ఇలాంటి లైబ్రరీకి పేరు వెనుక ఒక నంబరు ఉంటుంది. నా ప్రోగ్రాం కట్టిన రోజు ఆ నంబరును గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత ఎప్పుడు తెరిచినా అదే నంబరు ఉన్న లైబ్రరీ కోసం వెతుకుతుంది, దొరక్కపోతే లేవనంటుంది. అందుకే దాన్ని ఊరికే మార్చకూడదు. లైబ్రరీ జవాబు చెప్పే తీరు మారి, పాత ప్రోగ్రాములు ఇక దానితో మాట్లాడలేవు అన్నప్పుడే మార్చాలి. దాన్ని కట్టే పనిముట్టు పేరు లిబ్‌టూల్, దాని వివరణలోనే స్పష్టంగా ఉంటుంది, మీరు జనానికి చెప్పుకునే విడుదల నంబరు ఇక్కడ పెట్టవద్దని. తిమోతి అది చదివాడు. చదివి, క్రిస్మస్ వస్తోంది కదా అని పెట్టాడు.

రాబోయే ఏడాదిదే నంబరు. పదహారు, పదిహేడు, పద్దెనిమిది. పైగా పండుగకు ఇల్లు దులిపినట్టు పాత నంబరు లైబ్రరీని తుడిచేసేవాడు. దాంతో చర్చి తెరా భజన మండళ్ల తెరలూ ఒకే రోజు నల్లబడేవి. అతను సకినాల డబ్బా పట్టుకొని నవ్వుతూ మా షాపుకు వచ్చేవాడు.

"లోపల ఏం మార్చినవ్ రా?" అని అడిగేవాణ్ని.

"ఏం మార్చలే. నంబరొక్కటే కొత్తది."

"ఏం మార్చకుంటే నంబరెందుకు మార్చినవ్?"

"పండుగ గదరా" అనేవాడు, అర్థం చేసుకోలేని నన్ను చూసి జాలిపడుతూ.

సకినాలు తింటూ నా ప్రోగ్రాంను మళ్లీ కట్టి అన్నిచోట్లా తిరిగి పెట్టేవాణ్ని. సకినాలు బాగుండేవి, అది ఒప్పుకోవాలి. కానీ పంతొమ్మిదో నంబరు పెట్టిన ఏడాది నాకు జ్వరం. జ్వరంలోనే లేచి వాళ్లింటికి పోయి, స్తుతి ముందే గట్టిగా అరిచాను. మళ్లీ ఆ నంబరు ముట్టుకుంటే నా ప్రోగ్రాం నేను తీసుకుపోతానన్నాను. తిమోతి ముఖం చిన్నబోయింది. ఇక ముట్టనని తల్లి మీద ఒట్టేశాడు.

ఇక్కడే పొరపాటు జరిగింది. మొహమాటస్తుడితో ఏదైనా మానిపించడం తేలికే, ఎంతవరకు మానాలో చెప్పడమే కష్టం. తిమోతి నిజంగానే ముట్టలేదు. ఏళ్లు గడిచాయి, పంతొమ్మిది పంతొమ్మిదిగానే ఉంది. మార్చి తీరవలసిన రోజు వచ్చినా ముట్టలేదు.

ఆ రోజు ఎలా వచ్చిందంటే, కొన్ని పాటల్లో ప్రతి చరణం తర్వాత పల్లవి మళ్లీ పాడతారు, కొన్నింటిలో పాడరు. ఆ తేడా తెర మీద కూడా కనబడితే బాగుండునని రిబ్కమ్మ అన్నది. తల్లి నోటి నుంచి మాట పడ్డమే ఆలస్యం, తిమోతి ఆ ఆదివారమే పనిలో కూర్చున్నాడు. అతని లైబ్రరీ ఒక్కో పాటను వరుస గదులున్న పెట్టెలా ఇస్తుంది. మొదటి గదిలో పాట నంబరు, రెండో గదిలో చరణాలెన్ని ఉన్నాయో, మూడో గదిలో ఏ చరణంతో మొదలుపెట్టాలో ఉంటాయి. పల్లవి మళ్లీ వస్తుందా లేదా అనే గదిని తిమోతి తీసుకుపోయి రెండుకూ మూడుకూ మధ్య ఇరికించాడు. చూడ్డానికి పొందికగా ఉందట.

నా ప్రోగ్రాంకు ఈ సంగతి తెలియదు. నంబరు పంతొమ్మిదే కనుక అంతా ఎప్పటిలాగే ఉందనుకొని మూడో గది తెరిచింది. పల్లవి తిరిగొచ్చే పాటలకు అక్కడ, అవునని చెప్పడానికి, ఒకటి అని ఉంది. కంప్యూటర్లు సున్నా నుంచి లెక్కపెడతాయి కాబట్టి ఒకటంటే రెండో చరణం. అలాంటి పాటలన్నింటిలో తెర మొదటి చరణాన్ని మింగేసి రెండోదాంతో మొదలుపెట్టింది. వెనకటిలా నల్లబడి ఉంటే ఎవరో ఒకరు ఫోన్ చేసేవారు. తెర తెల్లగా వెలుగుతూ తప్పు చూపించింది, తప్పని ఎవరికీ తోచలేదు.

అది కోతకాలపు పండుగ ఆదివారం. చర్చి ముందు భాగమంతా జనం కానుకగా తెచ్చిన మక్క కంకులు, వడ్ల సంచులు, పసుపు కొమ్ముల మూటలు. ప్రొజెక్టరు వైరుకు ఎవరో కోడిపుంజును కట్టేశారు. పంట పాట మొదలైంది. పల్లవి అయ్యాక రిబ్కమ్మ కళ్లు మూసుకొని మొదటి చరణం ఎత్తుకుంది. తెర వచ్చాక పుస్తకాలు తెచ్చుకోవడం అందరూ మానేశారు కదా, చర్చి మొత్తం తెర మీది రెండో చరణం పాడింది. ఆమె ఒక్కతే ఒక దారిలో, సంఘమంతా ఇంకో దారిలో. ఆమె కళ్లు తెరిచి చూసింది. గోడ మీద అరచేయంత అక్షరాలు వేరే మాటలు చెబుతున్నాయి. నోరు మూసుకుంది. తర్వాతి పాటలోనూ అదే జరిగింది. ఆ తర్వాత ఆమె ఏ పాటా ఎత్తుకోలేదు. అప్పుడప్పుడు పాస్టరుగారు చరణాలు వదిలేయడం మామూలే కాబట్టి జనం పట్టించుకోలేదు. కోడిపుంజు ఒకటే అరిచింది.

తర్వాతి ఆదివారం రిబ్కమ్మ వెనక వరుసలో కూర్చుంది. ఎందుకని అడిగితే గొంతు మంచిగ లేదన్నది. ఇంట్లో మాత్రం పొయ్యి దగ్గర లోలోపల పాడుకుంటూ మధ్యలో ఆగి, కోడలిని పిలిచి అడిగేది.

"బిడ్డా, గీ పాట గిట్లనేనా? నాకు యాదికి ఉన్నట్టే ఉంటది, లేకుంటనే పోతది."

స్తుతి అవునంటే, తనను ఊరుకోబెట్టడానికి అంటోందనుకునేది. ఒక మధ్యాహ్నం స్తుతి మా షాపుకు వచ్చి ఈ సంగతంతా చెప్పింది. "అత్తమ్మ వాళ్లమ్మకు ఆఖరుకు పిల్లల పేర్లు కూడ యాదికి లేకపాయెనట అన్నా. తనకు గూడ గదే మొదలైందని కుమిలిపోతున్నది" అన్నది. అది విన్నాక ఆ రోజు నాకు పని సాగలేదు.

తిమోతి తల్లిని కరీంనగర్‌లో ఒక పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. తోడుగా నేనూ పోయాను. జ్ఞాపకం పరీక్షించడానికి డాక్టరు ఇది ఏ నెల, ఏ ఊరు అని అడిగి, మీది ఏ జిల్లా అన్నాడు.

"నేను వుట్టిన్నాడు కరీంనగరే. ఇప్పుడు జగిత్యాల అంటున్నరు. మా ఇల్లైతే జరగలే. నువ్వు ఏది రాసుకుంటవో రాసుకో సారూ" అన్నది రిబ్కమ్మ.

డాక్టరు నవ్వి, ఈమెకేమీ లేదు తీసుకుపొమ్మన్నాడు. బస్సులో తిమోతి ముఖం వెలిగిపోతోంది. ఆమె ముఖం మాత్రం అలాగే ఉంది. "డాక్టరుకు పాటలు రావు గదా కొడుకా. జిల్లా పేరు చెప్పుడు, పాట యాదికుంచుకునుడు ఒకటేనా?" అన్నది.

గుట్టు విప్పింది మా భజన మండలి పెద్ద రాంచందర్. క్షమించి వదిలేసే గుణం ఆయనకు బొత్తిగా లేదు. ముందు చర్చిలో మాత్రమే పెట్టిన తిమోతి కొత్త లైబ్రరీ, వాళ్ల కంప్యూటర్లోకి ఆ శుక్రవారమే చేరింది. శనివారం పొద్దున ఆయన మా షాపు మెట్లెక్కుతూనే అందుకున్నాడు.

"ఏం సాగరూ, మొదటి చరణం యాడ మింగినవ్? రాత్రి భజన్ల నలుగురి ముంగట ఇజ్జత్ పోయింది."

వెతికితే అరగంటలో దొరికింది. పెట్టెలో కొత్త గది, పైన అదే పాత నంబరు. నాకు ఒళ్లు మండిపోయింది. విత్తనాల ఆఫీసుకు పోయి తిమోతిని బయటకు పిలిచాను.

"నడుమల గది వెట్టినవ్. నంబరెందుకు మార్చలే?"

"నువ్వే గదరా ముట్టొద్దన్నవ్" అన్నాడు అమాయకంగా.

"ఏం మార్చనప్పుడు నంబరు మారుస్తవ్. అంతా మార్చినప్పుడు గదే నంబరు ఉంచుతవ్. నీకు దండం రా. గీ తెర ఎన్నిరోజుల సంది తప్పు జూపుతున్నదో ఎరుకనా?"

అతను వేళ్ల మీద లెక్కపెట్టుకోబోయి మధ్యలో ఆగిపోయాడు. "పంట పండుగ" అన్నాడు మెల్లగా, తల్లి గుర్తుకొచ్చి. "మా అవ్వ పాడిందే సరైంది రా." అక్కడే గోడకానుకొని ఉన్న విత్తనాల బస్తా మీద కూలబడ్డాడు. తిట్టడానికి ఇంకా చాలా సిద్ధం చేసుకొని పోయాను. అవన్నీ మింగేసి పక్కన కూర్చున్నాను.

ఆ మధ్యాహ్నమే ఇద్దరం కూర్చొని దిద్దుబాటు చేశాం. నిజానికి తిమోతికి ఈ నియమం పుస్తకం అక్కర్లేకుండానే తెలియాలి. చర్చి పాటల పుస్తకం మళ్లీ అచ్చు వేసినప్పుడు కొత్త పాటలను చివరనే చేరుస్తారు గానీ మధ్యలో ఇరికించరు. ఇరికిస్తే పాత పుస్తకం చేతిలో ఉన్నవాడు ఇంకేదో పాట పాడతాడు. ఆ పుస్తకాన్ని అక్షరం అక్షరం టైపు చేసినవాడే ఈ పని చేశాడు. అదే మాట అంటే, "గప్పుడు గిది యాదికి రాలే" అని తల వంచుకున్నాడు.

పెట్టెను మునుపటిలాగే చేశాడు. పల్లవి సంగతికి వేరుగా ఒక కొత్త ప్రశ్న చేర్చాడు. కావలసిన ప్రోగ్రాం అడుగుతుంది, వద్దనుకున్నది తన పని తాను చూసుకుంటుంది. ఇక నంబర్లు. లిబ్‌టూల్‌కు మూడు చెప్పాలి. మొదటిది, లైబ్రరీ ఇప్పుడు ఎన్నో తీరులో జవాబిస్తోందో చెబుతుంది. ఏమైనా చేర్చినా తీసినా అది పెరుగుతుంది. రెండోది, తీరు మారకుండా లోపల మరమ్మతు చేసినప్పుడు పెరుగుతుంది. మూడోది, వెనకటి తీరులు ఎన్నింటికి ఇంకా జవాబివ్వగలదో చెబుతుంది. మేం చేర్చామే గానీ ఏదీ తీయలేదు కనుక ఇరవై, సున్నా, ఒకటి అని రాశాం. ఇరవైలోంచి ఒకటి తీసేస్తే బయటికి కనబడే నంబరు పంతొమ్మిదే. అంటే పాత ప్రోగ్రాములన్నీ కదిలించకుండా నడుస్తాయి. నంబరు పెంచిన సంబరం అతనికి, సకినాలు లేకుండానే నాకు సుఖం. ఇద్దరికీ సరిపోయే ఇంత సులువైన దారి అన్నేళ్లూ మా ముందే ఉంది.

లైబ్రరీ బాగైంది. రిబ్కమ్మ బాగుపడలేదు.

సాయంత్రం తిమోతి ఆమె కాళ్ల దగ్గర కూర్చొని, తప్పు తనదేననీ ఆమె పాడిందే సరైందనీ చెప్పాడు. ఆమె అతని తల నిమిరింది.

"నేను బాధవడుతున్ననని నువ్వు మీదేసుకుంటున్నవ్. చిన్నప్పటి సంది గంతే నువ్వు. అందరి తప్పులు నీయే అంటవ్."

జీవితమంతా ఎవరి మనసూ నొప్పించకుండా మాట్లాడినందుకు తిమోతికి ఫలితం అది. నిజం చెప్పిన రోజు కన్నతల్లి కూడా నమ్మలేదు.

అతను ఊరుకోలేదు. చర్చి తాళం తెచ్చి, వెలుతురుండగానే తల్లినీ స్తుతినీ నన్నూ అక్కడికి తీసుకుపోయాడు. తప్పుడు లైబ్రరీని వేరే ఫోల్డరులో పెట్టి మొదట దానితో పంట పాట చూపించాడు. పల్లవి తర్వాత రెండో చరణం వచ్చింది. తర్వాత దిద్దినదానితో చూపించాడు. మొదటి చరణం వచ్చింది. చూడు అవ్వా, అన్నాడు. ఆమె రెండింటినీ శ్రద్ధగా చూసింది.

"రెండూ నువ్వు జేసినయే గదా" అన్నది. "అండ్ల ఏది నిజమో నాకెట్ల ఎరుకైతది?"

అన్నేళ్ల సాఫ్ట్‌వేర్ అనుభవంలో అంత సూటి ప్రశ్న మమ్మల్ని ఎవరూ అడగలేదు. నాకైతే ఆ క్షణంలో నవ్వూ దుఃఖమూ కలిసి వచ్చాయి.

చర్చి బీరువాలో పాత పాటల పుస్తకాలు దుమ్ము పట్టి ఉన్నాయి. స్తుతి ఒకటి తీసి చదవబోయింది. రిబ్కమ్మ వద్దన్నది.

"నువ్వు నా బాధ సూడలేవు. నన్ను జూసి మార్చి సదువుతవ్. సాగరూ, నువ్వు సదువు. మా పాటలు నీకు రావు, మార్చుదామన్నా నీకెరుక గాదు."

పుస్తకం నా చేతికి వచ్చింది. అక్షరాలు నిజంగానే చీమల బారులే. కిటికీ దగ్గరికి పోయి, పంట పాట వెతికి, పల్లవి దాటి, మొదటి చరణం మీద వేలు పెట్టాను. "పొద్దు పొడవకముందే" అని చదివి పక్క పదం కోసం కళ్లు చిట్లించాను.

"నీ పిలుపు విన్నాను" అన్నది ఆమె.

పుస్తకంలో అదే ఉంది. తర్వాతి పంక్తికి నోరు తెరిచేలోపే, "నా చేని గట్టున నీ అడుగు చూశాను" అన్నది. అదీ ఉంది. నేను చదవడం మానేసి వేలితో ఆమె వెనుక పరుగెత్తాను. చరణం అయిపోయింది. ఆమె ఆగకుండా రెండోది ఎత్తుకుంది, మూడోది ఎత్తుకుంది, ఇప్పుడు మాటలుగా కాదు, పాటగానే. ఒక్క పదం తప్పిపోలేదు. ఆఖరి పంక్తి దగ్గర నేనే పేజీ తిప్పడం ఆలస్యం చేశాను.

పాట ఆగాక ఆమె నా దగ్గరికి వచ్చి, నా చేతిలోంచి పుస్తకం తీసుకొని, కొడుకు దగ్గరికి పోయి దాంతో అతని భుజం మీద గట్టిగా ఒక్కటి వేసింది.

"ఇన్ని దినాలు నన్ను పిచ్చిదాన్ని జేసినవ్ గదరా" అన్నది. ఇంకొకటి వేసింది. "నా నోట్లె పాట ఉంచుకొని గా గోడను నమ్మితి. పరేషాన్‌తోని నిద్ర లేదు, తిండి లేదు. నీ కంప్యూటరు పాడుగాను."

ఆమె తిడుతూనే ఉంది. తిమోతి భుజం రాసుకుంటూ, కళ్లు తుడుచుకుంటూ, పెండ్లి భోజనంలో కూర్చున్నవాడిలా ప్రతి తిట్టునూ సంతోషంగా అందుకుంటున్నాడు. స్తుతి మొహం తిప్పుకొని ఏడుస్తోంది. నేను కిటికీలోంచి రోడ్డు చూస్తూ నిలబడ్డాను, ఎందుకంటే నా కళ్ల పరిస్థితీ అంతంతమాత్రమే.

ఆదివారం ఆమె ముందు వరుసకు వచ్చింది. వస్తూ వస్తూ కంప్యూటరు ముందు కూర్చున్న కొడుకు దగ్గర ఆగి, తెర ఎవరు నడుపుతున్నారని అడిగింది. నేనే అవ్వా, అన్నాడు తిమోతి.

"గట్లయితే ఇను. నేను పాడిన తర్వాతనే గా అక్షరం రావాలె. నా కంటె ముంగట వొచ్చిందంటే సూడు."

పాట ఎత్తుకుంది. తిమోతి బటన్ మీద వేలు పెట్టి, తెర వంక చూడకుండా, తల్లి నోటి వంకే చూస్తూ కూర్చున్నాడు. ఆమె ఒక్కో చరణం మొదలుపెట్టాక ఒక్కో చరణం గోడ మీదికి వచ్చింది.